టీటీ సైకిలా, ఏరోబార్లా? యాభైకి దగ్గరపడ్డవాళ్లకు ఏది మేలు?

నలభై ఐదు దాటాక టైమ్ ట్రయల్ ఛాంపియన్‌షిప్‌కు పేరివ్వాలనుకునే ప్రతివాడికీ ఒకటే గుంజాటన. లక్షలు పోసి అచ్చమైన టీటీ సైకిల్, అంటే టైమ్ ట్రయల్ కోసమే చేసిన సైకిల్ కొనాలా, ఇంట్లో ఉన్న రోడ్ సైకిల్‌కే కొన్ని వేలల్లో వచ్చే ఏరోబార్లు, అంటే మోచేతులు ఆనించి ముందుకు వంగి పట్టుకునే బార్లు బిగించుకోవాలా? నల్లగొండలో, పాలమూరులో పొద్దున్నే తొక్కివచ్చి చాయ్ తాగేవాళ్ల మధ్య ఎన్నటికీ తెగని పంచాయితీ ఇది. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తా: మన రోడ్ల మీద, మన వయసులో, మొదట్లో ఏరోబార్లే మేలు. అలాగని టీటీ సైకిల్‌ను తీసిపారేయలేం. కొన్ని చోట్ల దానికి సాటి లేదు.

టైమ్ ట్రయల్ అంటే గడియారంతో పందెం. ఒక్కొక్కరినే వదులుతారు, మామూలుగా నిమిషం ఎడంతో. ముందువాడి చాటున దాక్కుని గాలి తప్పించుకోవడం కుదరదు. చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం గాలిని చీల్చుకోవడానికే సరిపోతుంది. ఆ గాలికి ఎక్కువగా అడ్డుపడేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి. మొత్తం అడ్డంకిలో సుమారు నాలుగింట మూడొంతులు మన ఒంటిదే. పైగా వేగం కొంచెం పెరిగితే గాలికి పెట్టాల్సిన బలం చాలా పెరుగుతుంది. గంటకు 36 కిలోమీటర్లతో తొక్కేవాడు 37 అందుకోవాలంటే దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ బలం కావాలి. 40 కిలోమీటర్ల పోటీలో ఆ ఒక్క కిలోమీటరు తేడాకు 1 నిమిషం 48 సెకన్లు కలిసొస్తాయి. యాభై ఏళ్ల కాళ్లకు అంత బలం ఒక్క సీజన్‌లో రమ్మంటే రాదు. మోచేతులు దగ్గరికి తెచ్చి, వీపు వంచి, తల భుజాల మధ్యకు దించితే మాత్రం ఉన్న బలంతోనే ఆ వేగం దొరికే అవకాశం ఉంది.

ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్, 1989లో దాని ఆఖరి రోజు దీనికి మంచి సాక్ష్యం. వెర్సాయి నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. లారెంట్ ఫిన్యోన్ 50 సెకన్ల ఆధిక్యంతో బయల్దేరాడు. ముందూ వెనకా డిస్క్ చక్రాలు, అంటే ఊచలు కనిపించకుండా పళ్లెంలా మూసిన చక్రాలు పెట్టుకున్నాడు గానీ తలకు హెల్మెట్ లేదు, చేతులు ఏరోబార్లు లేని హ్యాండిల్ మీదే. అతని వెనకే రెండో స్థానంలో ఉన్న గ్రెగ్ లెమాండ్ ట్రయాథ్లాన్‌వాళ్లు (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీలో దిగేవాళ్లు) వాడే ఏరోబార్లు బిగించుకొచ్చాడు, తలకు ఏరో హెల్మెట్. చివరికి టూర్ మొత్తం మీద 8 సెకన్ల తేడాతో లెమాండ్ గెలిచాడు. ఆ రోజు అతని కాళ్లు బాగున్నాయన్నదీ నిజమే. అయినా మరుసటేడు నుంచి ఏరోబార్లను చూసి నవ్వినవాడు లేడు.

ఇక టీటీ సైకిల్ గొప్పదనం ఎక్కడుంది? సీటు కింది గొట్టంలో. రోడ్ సైకిల్‌కు అది 73 డిగ్రీల దగ్గర వాలి ఉంటుంది, టీటీ సైకిల్‌కు దాదాపు నిలువుగా లేస్తుంది. దాంతో నడుము ముందుకొచ్చి, ఎంత వంగినా తొడకూ పొట్టకూ మధ్య జాగా మిగులుతుంది. రోడ్ సైకిల్ మీద ఏరోబార్లు పట్టుకుని ఇంట్లో ట్రైనర్ మీద (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు మీద) తొక్కుతూ పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసుకోండి, సంగతి తెలిసిపోతుంది. మోకాలు పైకొచ్చినప్పుడల్లా పొట్టను పొడుస్తుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంటుంది, నాలుగు నిమిషాలకోసారి సీటు మీద వెనక్కి జరగాల్సి వస్తుంది. మన వయసులో అందరికీ కాస్తో కూస్తో పొట్ట ఉంటుంది, దాచేదేముంది. సీటును ముందుకు, ఒక వేలెడు పైకి జరిపితే సగం బాధ తీరుతుంది. మిగతా సగం తీరదు. టీటీ సైకిల్‌కు డబ్బులు పెట్టేది ఆ సగం కోసమే. గేర్లు కూడా బార్ల కొసనే ఉంటాయి కాబట్టి మార్చడానికి చెయ్యి తీయక్కర్లేదు.

కానీ రెంటిలోనూ బార్ల మీద చేతులున్నప్పుడు బ్రేకులు అందవు. 36 వేగమంటే సెకనుకు 10 మీటర్లు. చెయ్యి బార్ల మీది నుంచి బ్రేకు మీదికి వచ్చేలోపు ఆ 10 మీటర్లూ దాటిపోతాం. జడ్చర్ల దగ్గర 44వ నంబర్ హైవే సర్వీసు రోడ్డు మీద ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బండికి ఈ లెక్క తెలియదు. మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఊళ్లలో, యాసంగి కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. రైతును అనడానికి లేదు, ఆరబెట్టుకోవడానికి అతనికి వేరే కల్లం ఎక్కడిది? అలాంటి చోట మామూలు హ్యాండిల్ మీదికి రావాల్సిందే. రోడ్ సైకిల్ మీదైతే బ్రేకూ గేరూ రెండూ అక్కడే దొరుకుతాయి. టీటీ సైకిల్‌పై బ్రేకు దొరుకుతుంది గానీ, చాలావాటిలో గేరు మార్చాలంటే మళ్లీ బార్ల దగ్గరికే పోవాలి. వారంలో ఆరు రోజులు ఇలాంటి రోడ్డు మీద తొక్కి ఏడాదికి ఒకటో రెండో పోటీలకు పోయేవాడికి ఏ సైకిల్ ఎక్కువ పనికొస్తుందో చెప్పక్కర్లేదు.

గాలి సంగతి మాత్రం టీటీ సైకిల్ పక్షానే మాట్లాడుతుంది. ఆషాఢంలో మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర వైపు తొక్కినవాళ్లకు ఎదురుగాలి ఎట్లా ఉంటుందో తెలుసు. పోయేటప్పుడు 20 కిలోమీటర్లు 30తో, వచ్చేటప్పుడు 42తో తొక్కితే సగటు 36 రాదు, 35 దగ్గరే ఆగుతుంది. ఎదురుగాలిలో పోగొట్టుకున్న సమయం వెన్నుగాలిలో పూర్తిగా తిరిగి రాదు. అందుకే గాలికి ఎదురు పోయేటప్పుడే కొంచెం ఎక్కువ బలం పెట్టాలి, వంగిన భంగిమ సడలకూడదు. ఆ భంగిమలో ఎక్కువసేపు ఉండనిచ్చేది టీటీ సైకిల్. కాకపోతే లోతైన అంచున్న ముందు చక్రం పక్కగాలికి హ్యాండిల్‌ను లాగేస్తుంది, పోటీ రోజున కూడా మన దగ్గర దాని జోలికి పోకపోవడమే మంచిది.

మెడ గురించి ఎవరూ ముందే చెప్పరు. తల దించి, కళ్లు మాత్రం పైకెత్తి గంటసేపు రోడ్డు చూడాలి. మెడ నరాలు పట్టే అలవాటున్నవాళ్లు బార్ల కింద ఎత్తు పెంచే రెండు స్పేసర్లు (దిమ్మెలు) వేసుకోవాలి. నలభై నిమిషాల తర్వాత తల పైకి లేపేసే లోతైన భంగిమ కన్నా చివరిదాకా నిలిచే ఎత్తు భంగిమే వేగం. పాతికేళ్ల కుర్రాడి ఫొటో చూసి మన సైకిల్ అమర్చుకుంటే పోటీ అయ్యాక డాక్టర్ దగ్గర తేలతాం.

మూడో దారీ ఉంది: ఏ బార్లూ లేకుండా మామూలు సైకిల్‌తో పోటీ. కొన్ని చోట్ల దానికి వేరే విభాగం పెడతారు. 1972లో బెల్జియం సైకిల్ వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కింది అలాంటి హ్యాండిల్ పట్టుకునే. కానీ ఆ విభాగం లేని పోటీలో వట్టి హ్యాండిల్‌తో దిగడం కావాలని నిమిషాలు వదులుకోవడమే.

హెల్మెట్, ఒంటికి అతుక్కునే స్కిన్‌సూట్ ఈ రెంటికీ పెట్టిన డబ్బు వృథా పోదు. సైకిల్ ఏదైనా ఇవి పనికొస్తాయి. డిస్క్ చక్రం అన్నిటికన్నా చివర.

మరి టీటీ సైకిల్ ఎప్పుడు కొనాలి? ఏరోబార్ల మీద ముప్పావు గంట లేవకుండా తొక్కగలిగి, అప్పుడు కూడా పొట్టకు మోకాలు తగలడమే అసలు అడ్డంకి అని తేలితే. కొనేటప్పుడు కొత్తదే కావాలన్న పట్టుదల అక్కర్లేదు, హైదరాబాద్‌లో ట్రయాథ్లాన్ మానేసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతుంటాయి. మన ఒంటికి సరిపడే ఫ్రేమ్ సైజు కాకపోతే ఎంత చవకైనా వద్దు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం జరిగే పోటీ అయితే సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు, టీటీ సైకిళ్లు మామూలుగానే అంతకన్నా బరువుంటాయి కాబట్టి దాని గురించి బెంగ లేదు. బార్ల పొడవుకూ ఎత్తుకూ ఉన్న హద్దులు మాత్రం పేరిచ్చే ముందే అడిగి తెలుసుకోండి, స్టార్ట్ లైన్ దగ్గర స్పానర్ పట్టుకుని కూర్చోవాల్సి రాకుండా.