జేబుకు స్కెలిటూల్, క్యాంపుకు వేవ్ ప్లస్

పట్టకారు, కత్తి వంటివన్నీ ఒకేదాంట్లో మడిచిపెట్టిన సాధనమే మల్టీటూల్. లెదర్‌మన్ కంపెనీ మల్టీటూల్ వేవ్ ప్లస్‌లో 18 పనిముట్లు, బరువు 241 గ్రాములు. అదే కంపెనీ స్కెలిటూల్‌లో 7, బరువు 142 గ్రాములు. లెక్క చూస్తే మొదటిదే లాభంలా కనిపిస్తుంది. కానీ రోజంతా ప్యాంటు జేబులో మోస్తే ఆ వంద గ్రాముల తేడా బాగానే తెలుస్తుంది. చివరికి వేవ్ ప్లస్ సొరుగు పాలవుతుంది. స్కెలిటూల్‌కు క్లిప్ ఉంది, పౌచ్ అక్కర్లేదు. రోజువారీకి అదే నయం.

క్యాంపింగ్‌కు మాత్రం వేవ్ ప్లస్సే. కారణం రంపం. బొటనవేలంత లావు ఎండుకొమ్మను తేలిగ్గా కోస్తుంది. పచ్చికొమ్మయితే పొట్టు పళ్లలో ఇరుక్కుని రంపం బిగుసుకుంటుంది. అప్పుడు బలం పెడితే బ్లేడు వంగుతుంది. వెనక్కి లాగి, పొట్టు దులిపి మళ్లీ కోయాలి. స్కెలిటూల్‌లో రంపమూ లేదు, కత్తెరా లేదు.

కొనేముందు పట్టకారు మూసి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. కొనలు కలవకపోతే అరికాలి ముల్లు కూడా రాదు. కత్తి తెరిచి అటూ ఇటూ కదపండి. లాక్ పడ్డాక కూడా ఊగుతుంటే ఆ పీసు వద్దు.

పట్టకారు అవసరం లేనివాళ్లకు విక్టోరినాక్స్ కంపెనీ స్విస్ మడతకత్తి క్లైంబర్ చాలు, దాని కత్తెర భేషుగ్గా ఉంటుంది. అయితే కత్తికి లాక్ లేదు. మొనతో గట్టిగా పొడిస్తే మడతపడి వేళ్లు తెగుతాయి.

స్టెయిన్‌లెస్ అన్నారని నిశ్చింతగా ఉండకండి, ఉప్పునీటికి తుప్పు పడుతుంది. మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కీళ్ల దగ్గర ఒక్కో చుక్క నూనె వేయండి.