కొన్ని చలికాలాలు వాడాక: ఇంట్లో తొక్కే వ్యాయామ సైకిలుపై సమీక్ష

ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ తయారీ గురించో కాదు. అయస్కాంతంతో బిగువు (పెడల్‌కు ఎదురయ్యే బలం) మార్చుకునే, బెల్టుతో నడిచే, ఇంట్లో ఒకచోట నిలిపి తొక్కే సాధారణ రకం వ్యాయామ సైకిలు గురించి. అలాంటిదాన్ని నేను కొన్ని చలికాలాలుగా వాడుతున్నాను. మిగతా కాలాల్లో ఆరుబయట నడక, పరుగు ఉండనే ఉన్నాయి కనుక దానితో నాకు పని తక్కువ. పొద్దు ఆలస్యంగా పొడిచి, చలి ముదిరి, దుప్పటి తీయడానికే మనసొప్పని నెలల్లో ఈ సైకిలు వ్యాయామం ఆగిపోకుండా ఎంతవరకు ఆదుకుంటుందన్నదే ఇక్కడ రాస్తున్నాను.

చలికాలంలో వ్యాయామం మూలపడడానికి చలే కారణమని అందరూ అంటారు. నాకు మాత్రం చలికంటే చీకటే పెద్ద అడ్డంకిగా కనిపించింది. ఉత్తరార్ధగోళంలో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు డిసెంబరు 21న గానీ 22న గానీ వస్తుంది. అయితే తెల్లవారడం ఆలస్యం కావడం ఆ రోజుతో ఆగిపోదు. పగటి నిడివి పెరగడం మొదలైన తర్వాత కూడా సూర్యోదయం కొన్నాళ్లపాటు ఇంకా వెనక్కే జరుగుతూ, జనవరిలోకి వెళ్లాక గానీ ముందుకు మళ్లదు. అంటే కొత్త సంవత్సరం తీర్మానాలు చేసుకునే జనం, పొద్దున్నే లేవడం ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన రోజుల్లోనే పొద్దున్నే లేవడానికి పూనుకుంటారన్నమాట. ఆ తీర్మానాలు చాలావరకు ఆరంభశూరత్వంగా మిగలడంలో మనుషుల బద్ధకం వాటా ఎంతో, క్యాలెండరు వాటా కూడా అంతే ఉందని నా అభిప్రాయం.

సైకిలు చేసే అసలు మేలు ఇక్కడే ఉంది. చీకట్లో బయటికి వెళ్లి పరుగెత్తాలంటే ముందు పొరలు పొరలుగా బట్టలు వేసుకోవాలి, టోపీ, చేతి తొడుగులు వెతుక్కోవాలి, బూట్లు కట్టుకోవాలి, తలుపు తీసి మొదటి చలిగాలిని ముఖం మీద భరించాలి. వీటిలో ప్రతిదీ చిన్న పనే అయినా, ప్రతి చిన్న పని దగ్గరా మనసు తిరిగి పడుకోవడానికి ఒక సాకు వెతుక్కుంటుంది. సైకిలు ఆ మెట్లన్నిటినీ తీసేసి మంచం దిగడం, బూట్లు వేసుకోవడం, ఎక్కడం అనే మూడింటికి కుదిస్తుంది. అది ఉత్సాహాన్ని పుట్టించే యంత్రం కాదు. ఉత్సాహం లేని రోజున కూడా పని జరిగేలా దూరాన్ని తగ్గించే యంత్రం.

అందువల్ల దాన్ని ఎక్కడ పెట్టామన్నది ఎంత ఖరీదైనదాన్ని కొన్నామన్నదానికంటే ముఖ్యం. నడిచే దారిలో కంటికి ఎదురుగా ఉన్న సైకిలును తొక్కుతారు. వెనక గదిలో పెట్టిన సైకిలు నెల తిరక్కుండానే దండెంగా మారి, దాని మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి. బాల్కనీలో పెట్టడం మరీ దండగ. చల్లని చోట బేరింగుల్లోని గ్రీజు చిక్కబడి మొదటి నిమిషాల్లో పెడళ్లు మొరాయిస్తాయి, సమయం, చుట్లు చూపే తెరలో వేసే మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చలికి నీరసిస్తాయి. పైగా చల్లబడిన ఇనుమును వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడల్లా దాని మీద తేమ పట్టి తుప్పుకు దారితీస్తుంది. నేను పడకగది కిటికీ పక్కన నిలిపాను. ఇల్లు ఇరుకైనా సరే, చోటు విషయంలో రాజీ పడవద్దనే చెబుతాను.

ఇక తొక్కడం సంగతికి వస్తే, చలికాలంలో మొదటి పది నిమిషాలే మొత్తం వ్యాయామాన్ని నిర్ణయిస్తాయి. నిద్రలో శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున, మెలకువ వచ్చే కొద్ది గంటల ముందు, అన్నిటికంటే దిగువకు చేరుతుంది. దానికి తోడు చలికి చర్మం దగ్గరి రక్తనాళాలు సన్నబడి రక్తపోటు కొంత పెరుగుతుంది. ఆ స్థితిలో ఎక్కీ ఎక్కగానే బిగువు పెంచి తొక్కితే పిక్కలు పట్టేస్తాయి, మోకాళ్లు నొస్తాయి, గుండె మీద అనవసరపు భారం పడుతుంది. అందుకని మొదట బిగువు మార్చే నాబును పూర్తిగా వదులు చేసి, నిమిషానికి 60 చుట్ల దగ్గర, కాలికి బరువే తెలియనంత తేలికగా మొదలుపెడతాను. ఆ మొదటి నిమిషాల్లో తొడలు బిర్రుగా, ఎవరివో అన్నట్టుగా ఉంటాయి. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు మొద్దుబారి ఉంటాయి. అయిదారు నిమిషాలకు మెడ వెనక సన్నగా వెచ్చదనం మొదలవుతుంది. అప్పుడు నాబును ఒక్కొక్క మెట్టు బిగించుకుంటూ పోతే, పదో నిమిషానికి స్వెట్టరు తీసి హ్యాండిల్ మీద వేసే వేళ అవుతుంది. స్వెట్టరు తీయాలనిపించకముందు వేగం పెంచకూడదన్నది నేను పెట్టుకున్న నియమం, దానికి ఏ గడియారమూ అక్కర్లేదు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం తెల్లవారుజామును వదిలేసి, వైద్యులను అడిగి, పగటిపూట తొక్కడమే మంచిది.

చలిగాలి విషయంలో ఇంటి లోపలి సైకిలుకు ఒక స్పష్టమైన పైచేయి ఉంది. బయట చల్లని పొడిగాలిని నోటితో వేగంగా పీల్చినప్పుడు శ్వాసనాళాల లోపలి తడి ఆరిపోతుంది, ఉబ్బస లక్షణాలు ఉన్నవారిలో ఆ నాళాలు ముడుచుకుని దగ్గు, పిల్లికూతలు, ఆయాసం వస్తాయి. చలికాలపు పరుగు తర్వాత గంటసేపు వదలని పొడిదగ్గు నాకు అనుభవమే. గదిలో తొక్కడం మొదలుపెట్టాక అది రాలేదు.

బిగువు ఏర్పాటు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు దీన్ని పట్టించుకునేవారు తక్కువ. చవక సైకిళ్లలో ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి ఒక ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) దిమ్మ ఆనుకుని, రాపిడితో దాన్ని ఆపుతూ ఉంటుంది. ఆ దిమ్మ అరిగిపోతుంది, ఎండిపోయినప్పుడు కీచుమంటుంది, మాడిన వాసన వేస్తుంది. అయస్కాంతపు రకంలో చక్రానికి ఏదీ తగలదు. చక్రం అయస్కాంతాల దగ్గరగా తిరిగేటప్పుడు లోహంలో ఎడ్డీ కరెంట్లు అనే సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, అవి ఆ తిరుగుడునే ఎదిరిస్తాయి; నాబు తిప్పినప్పుడు అయస్కాంతం చక్రానికి దగ్గరవుతుంది లేదా దూరమవుతుంది, అంతే. తగలడమే లేదు కనుక అరుగుదల లేదు, చప్పుడు దాదాపు లేదు. బెల్టు కూడా గొలుసులా గలగలమనదు, దానికి నూనె పెట్టే పని లేదు. ఇంట్లో మిగతావారంతా ఇంకా ముసుగుతన్ని పడుకునే చలికాలపు వేకువలో ఈ నిశ్శబ్దం విలాసం కాదు, అవసరం. చప్పుడు చేసే యంత్రం మీద మొదటి ఫిర్యాదు వచ్చిన రోజునే వ్యాయామానికి ఒక సాకు దొరికినట్టు. అయితే ఈ ఏర్పాటుకు ఒక స్వభావం ఉంది: వేగం తగ్గితే ఎదురుబలం కూడా తగ్గిపోతుంది. అందువల్ల కొండ ఎక్కుతున్నట్టు చాలా నెమ్మదిగా, చాలా బరువుగా తొక్కాలనుకునేవారికి ఇది అంత తృప్తినివ్వదు.

చలికాలంలో ఫ్యాను కావాలంటే నవ్వుతారు గానీ, కావాలి. కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు 20 నుంచి 25 శాతమే పెడల్ మీద పనిగా మారుతుంది, మిగిలినదంతా వేడి. బయట తొక్కితే ఎదురుగాలి ఆ వేడిని మోసుకుపోతుంది, మూసిన గదిలో ఆ గాలి ఉండదు. చెమట ఆరకుండా కారుతూ బనియను తడిసి, దిగగానే ఆ తడి మీద చలి తగిలి వణుకు పుడుతుంది. ఒంటికి చిన్న ఫ్యాను, దిగిన వెంటనే మార్చుకోవడానికి పొడి చొక్కా అందుబాటులో ఉంచుకుంటే ఆ బాధ తప్పుతుంది. చలిలో దాహం తక్కువగా తెలుస్తుంది కనుక నీళ్ల సీసాను కూడా కంటికి కనబడేలా పెట్టుకోవాలి. చెమటకు యంత్రమూ బలవుతుంది: హ్యాండిల్ కింద, సీటు స్తంభం దగ్గర ఉన్న బోల్టుల మీద ఉప్పునీరు దిగి తుప్పు మొదలవుతుంది. నా సైకిలులో మొదట పాడైనవి అవే. పొడిగుడ్డతో తుడవడం అలవాటయ్యాక అది ముదరలేదు.

తెర మీద అంకెల్లో సమయం, చుట్ల లెక్క తప్ప మిగతావాటిని నేను నమ్మను. మనిషి బరువు గానీ, పెడల్ మీద పడే బలం గానీ కొలవని తెర చూపించే కేలరీలకు ఆధారం లేదు. 100 వాట్లతో అరగంట తొక్కితే పెడల్ మీద జరిగే పని 180 కిలోజౌళ్లు. పైన చెప్పిన శాతాల ప్రకారం దానికి శరీరం ఖర్చుపెట్టేది సుమారు 170 నుంచి 215 కిలోకేలరీలు. అరగంట తేలికపాటి తొక్కుడుకు తెర దీనికి రెట్టింపు చూపిస్తే దాన్ని చూసి మురిసిపోవడం వృథా. శ్రమ తీవ్రతకు మాటే మంచి కొలత: మాట్లాడగలిగి, పాట పాడలేని స్థితిలో ఉంటే అది మధ్యస్థ శ్రమ, నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సివస్తే తీవ్రమైన శ్రమ.

పట్టుదల నిలుపుకోవడంలో నాకు రెండు సంగతులు పనికొచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతున్నాయి. అంతకుముందు ఉన్న, ఒక్కోసారీ కనీసం పది నిమిషాలైనా ఆపకుండా చేయాలన్న షరతును అవి తొలగించాయి. ఇది చలికాలానికి అచ్చంగా సరిపోయే వెసులుబాటు. మనసు మొండికేసిన ఉదయాన అయిదు నిమిషాలే తొక్కుదామని ఎక్కుతాను. చాలాసార్లు ఒళ్లు వెచ్చబడ్డాక దిగబుద్ధి కాదు, దిగినా ఆ అయిదు నిమిషాలు లెక్కలోకి వస్తాయి. రెండోది, యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం. ఒక కొత్త పని ఆలోచించకుండా జరిగే అలవాటుగా మారడానికి అందులో పాల్గొన్నవారికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటుకు పెద్ద దెబ్బ తగల్లేదు. చలికాలం మొత్తం ఇంచుమించు తొంభై రోజులనుకుంటే, చలి ముదిరాక మొదలుపెట్టినవారికి అలవాటు కుదిరే సరికి కాలమే మారిపోతుంది. కాబట్టి పొద్దున ఇంకా వెలుతురు ఉన్న రోజుల్లోనే, చలి తెలియకముందే, సైకిలు ఎక్కడం మొదలుపెట్టాలి. ఇష్టమైన ఆడియో కథలను సైకిలు మీద తప్ప వేరేచోట వినకూడదని పెట్టుకున్న కట్టుబాటు కూడా నాకు బాగానే పనిచేసింది, కథ మరీ నీరసంగా ఉన్న వారాల్లో తప్ప.

ఈ సైకిలు ఇవ్వలేనివీ ఉన్నాయి. మొదటిది వెలుతురు. మామూలు గది దీపాల కింద వెలుగు సాధారణంగా 500 లక్సుల (లక్సు అంటే వెలుగు కొలత) లోపే ఉంటే, మబ్బు పట్టిన పగటిపూట బయట అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. చలికాలపు దిగులుకు వైద్యులు సూచించే దీపాలు 10,000 లక్సులవి. కిటికీ పక్కన తొక్కినంత మాత్రాన ఆ లోటు తీరదు, గాజులోంచి వచ్చే ఎండ విటమిన్ డి ఇవ్వదు కూడా. అందుకే మధ్యాహ్నం కాసేపు బయట నడవడాన్ని నేను మానలేదు. రెండోది, బరువంతా సీటు మోస్తుంది కనుక నడక, పరుగు ఎముకలకిచ్చే తాకిడి ఇందులో లేదు. భుజాలకు, వీపుకు పని అసలే లేదు. అదే మార్గదర్శకాలు వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయమంటున్నాయి, దానికి దండీలు, గుంజీలు, చిన్న డంబెల్స్ ఏవైనా విడిగా చేసుకోవాల్సిందే. మూడోది విసుగు. ఎంత తొక్కినా ఎదురుగా అదే గోడ. దీనికి నా దగ్గర పూర్తి మందు లేదు.

ఎవరికి తగినది అంటే, తెల్లవారకముందు తప్ప తీరిక లేనివారికి, బయటి నేల జారుడుగా ఉండే చోట ఉన్నవారికి, మోకాళ్లపై బరువు పడకూడనివారికి దీన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను. మధ్యాహ్నం ఎండలో నడిచే వీలున్నవారికి డబ్బు దండగ.

కొనేవారు, ముఖ్యంగా పాతది కొనేవారు, కొన్నిటిని చేత్తో పరీక్షించి చూడాలి. సీటు ఎత్తు సర్దుబాటు కాకపోతే మరేదీ చూడనక్కర్లేదు: మడమను కింది పెడల్ మీద ఆనిస్తే కాలు నిటారుగా చాపుకోవాలి, పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. నాబును పూర్తిగా వదులు చేసి, ఆ తర్వాత చివరిదాకా బిగించి తొక్కి, రెండింటికీ తేడా స్పష్టంగా తెలుస్తోందో లేదో చూడాలి. పెడళ్లను పట్టుకుని అటూ ఇటూ కదిపితే లొడలొడమనకూడదు. ఎడమ పెడల్ మర ఎదురుదిక్కుకు ఉంటుందని తెలియక తప్పు దిక్కుకు బలవంతంగా తిప్పి మర చెడగొట్టిన సైకిళ్లు పాత సరుకులో తరచుగా కనిపిస్తాయి. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు, ఆ పెడల్ తొక్కుతుండగానే ఊడి వస్తుంది.