అమ్మోనియా పోతుందని చెప్పి అమ్మే యాంటీ క్లోరిన్ సీసాలతో జాగ్రత్త

కొత్తగా చేపల ట్యాంకు పెట్టబోతున్నవాళ్లు, అందులోనూ పిల్లల పోరు పడలేక ఈ ఆదివారమే షాపుకి బయల్దేరుతున్నవాళ్లు, దయచేసి ముందు ఇది చదవండి. వారం తిరక్కుండా మా ఇంట్లో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు చచ్చిపోయాయి. చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునే విషం అమ్మోనియా. నాలుగు చుక్కల మందు వేస్తే దాని సంగతి అదే చూసుకుంటుందన్న మాట నమ్మి చంపుకున్నాం.

హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోని ఒక అక్వేరియం షాపులో రెండడుగుల ట్యాంకు, ఫిల్టరు, గులకరాళ్లు, ఆరు గోల్డ్‌ఫిష్‌లు తీసుకున్నాం. కొత్త ట్యాంకులో అమ్మోనియా పెరుగుతుందని విని ఉన్నాను కాబట్టి ఆ మాట నేనే ఎత్తాను. కౌంటర్లో ఆయన నీలం రంగు చిన్న సీసా తీసి, "ఇది వేయండి సార్, క్లోరిన్, అమ్మోనియా రెండూ పోతాయి. సాయంత్రమే చేపలు వదిలేయొచ్చు" అన్నాడు. సీసా మీద చేప బొమ్మ, దాని కింద యాంటీ క్లోరిన్ అన్న పేరు, అంతే. లోపల ఏముందో లేదు, తయారీ తేదీ లేదు, కంపెనీ అడ్రస్ లేదు. బిల్లు కూడా చీటీ ముక్కే. మీ ఇంట్లో బోరు నీళ్లా, నల్లా నీళ్లా అని మాత్రం ఆయన అడగలేదు. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో నాకు తర్వాత తెలిసింది.

మూడో రోజుకి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. ఫోన్ చేస్తే ఇంకో డోసు వేయమన్నారు. వేశాను. నాలుగో రోజు పొద్దున మా అమ్మాయి జడ వేయించుకుంటూ, "నాన్నా, చేపలన్నీ పైకొచ్చి ఆవలిస్తున్నాయి" అంది. వెళ్లి చూస్తే ఆరూ నీటి అంచుకి మూతులు ఆనించి గాలి మింగుతున్నాయి. ఒరాండా రకం తెల్ల గోల్డ్‌ఫిష్ మొప్ప తెరిచినప్పుడల్లా లోపల ఎర్రగా కందిపోయి కనిపిస్తోంది. తోకలో సన్నటి నెత్తుటి గీతలు. భయపడి మరో డోసు వేశాను. ఆ రాత్రికి ఒకటి పోయింది. ఆరో రోజుకి నాలుగు.

అప్పుడు తెప్పించాను టెస్ట్ కిట్టు. గాజు గొట్టంలో ట్యాంకు నీళ్లు పోసి చుక్కలు వేసి ఆగితే, అమ్మోనియా లేకపోతే పసుపు రంగు రావాలి. మాకు ముదురు ఆకుపచ్చ వచ్చింది. చార్టులో పెట్టి చూస్తే 4 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో నాలుగు పాళ్లు. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 8. ఈ రెండో అంకె ఎందుకు చెప్తున్నానంటే, నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియంగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. విడి అమ్మోనియాగా మారితే మొప్పల్ని కాల్చేస్తుంది. పీహెచ్ 7 దగ్గర ఆ విషపు భాగం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8కి వస్తే ఐదారు పాళ్లు. 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ ఇంకా పెరుగుతుంది. మా బోరు నీళ్ల లాంటి వాటిలో అదే 4 పీపీఎం ఎంత ప్రమాదమో చూడండి.

ఆ సీసా పట్టుకుని మళ్లీ షాపుకెళ్లాను. గట్టిగా అడిగితే, "అది హైపో సార్" అన్నాడు. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, పాత ఫొటో స్టూడియోల్లో ఫిల్ములు కడగడానికి వాడినదే. క్లోరిన్‌ని అది బాగా తీసేస్తుంది, అందులో అబద్ధం లేదు. అమ్మోనియాని మాత్రం ముట్టుకోదు. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేది క్లోరిన్ కలపని బోరు నీళ్లు. అంటే మా ట్యాంకులో ఆ సీసాకి అసలు పనే లేదు! చేపల గురించి అడిగితే, "ప్రాణమున్న వాటికి గ్యారంటీ ఉండదు సార్" అని పక్క కస్టమర్ వైపు తిరిగాడు. నాకు డబ్బు పోయినందుకు కాదు బాధ. అడిగి మరీ కొన్నాను, అయినా తెలిసి తప్పు చెప్పారు.

అమ్మోనియాని నిజంగా పట్టి ఉంచే కండిషనర్లు, అంటే నీళ్లని చేపలకి సరిపడేలా చేసే మందులు, లేకపోలేదు. మంచి కంపెనీలవి సీసా మీద ఆ సంగతి స్పష్టంగా రాస్తాయి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి అలాంటిది తప్పనిసరి. అక్కడ కుళాయి నీళ్లలో క్లోరమైన్, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం, కలుపుతారు. బకెట్లో ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోయినట్టు అది పోదు, మందుతో విడగొడితే అమ్మోనియా మిగులుతుంది. కానీ ఆ మందు చేసేది కూడా అమ్మోనియాని కొంతసేపు కట్టి ఉంచడమే. చేపలు ప్రతి గంటా కొత్తది వదులుతూనే ఉంటాయి. దాన్ని తినేది ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బాక్టీరియా. అవి అమ్మోనియాని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త ట్యాంకులో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సాయంత్రమే వదిలేయండి అన్నవాళ్ల మాట వినకండి. పైగా ఈ రకం మందులు కొన్ని అతిగా వేస్తే నీళ్లలో ఆక్సిజన్ కూడా తగ్గిస్తాయి. అలాంటి మందు వాడాక నెస్లర్ రకం కిట్టుతో పరీక్షిస్తే రీడింగు తప్పు వస్తుంది, సాలిసిలేట్ రకం తీసుకోండి. అది కూడా కట్టుబడి ఉన్న అమ్మోనియాని కలిపే చూపిస్తుంది.

మిగిలిన రెంటినీ కాపాడింది భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావమరిది. ఫోన్లో మొత్తం విని, "బావా, ముందు మేత ఆపెయ్. చెరువులో అమ్మోనియా లేచినా మేం మొదట చేసేది అదే. మందు మాట తర్వాత" అన్నాడు. మేత ఆపాను. సగం నీళ్లు తీసి, అదే వేడి ఉన్న బోరు నీళ్లు పోశాను. మర్నాడు మళ్లీ సగం. ఎయిర్ పంపు రాత్రింబవళ్లు నడిపాను. ఆఫీసులో ఒకాయన తన మూడేళ్ల ట్యాంకు ఫిల్టర్లోంచి నల్లటి స్పాంజి ముక్క కోసి, తడి ఆరకుండా ట్యాంకు నీళ్లతోనే కవర్లో కట్టిచ్చారు. మా ఫిల్టర్లో పెట్టాం. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది అదే. జియోలైట్ అనే ఖనిజపు రాళ్ల సంచి కూడా వేలాడదీశాను. మంచినీటి ట్యాంకులో అది అమ్మోనియాని పట్టుకుంటుంది. షాపువాళ్లు కల్లుప్పు వేయమంటే మాత్రం ముందు ఆ సంచి తీసేయండి, ఉప్పు తగిలితే పట్టుకున్నదంతా వదిలేస్తుంది.

కాబట్టి షాపులో అమ్మోనియా మందు అని ఏదిచ్చినా, లోపలేముందో సీసా మీద రాసి ఉంటేనే తీసుకోండి. మీకు వచ్చేది ఏ నీళ్లో తెలుసుకుని వెళ్లండి. మందు కన్నా ముందు టెస్ట్ కిట్టు కొనండి. రెండడుగుల ట్యాంకులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఎక్కువ, ఆ మాట కూడా అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

మా ట్యాంకులో ఇప్పుడు అమ్మోనియా సున్నా, నైట్రైట్ ఇంకా కొంచెం కనిపిస్తోంది. అదీ తగ్గాక, హైదరాబాద్‌లో ఎవరికైనా స్పాంజి ముక్క కావాలంటే నేను ఇస్తాను. తడి కవర్ తెచ్చుకోండి.