వా పెడల్: డిస్టార్షన్‌కు ముందా, తరువాతా?

బెంగళూరులోని మారతహళ్లిలో అద్దెగదిలో సాధన చేసే మా తెలుగు మిత్రుల మధ్య వా పెడల్‌ను (పాదంతో ఊపుతూ గిటార్ ధ్వనిని ‘వా’ అని పలికించే ఫిల్టర్) ఎక్కడ కలపాలన్నది ఎంతకీ తెగని చర్చ. గిటార్ నుంచి నేరుగా వాకు, అక్కడి నుంచి డిస్టార్షన్‌కు (ధ్వనిని గరుకుగా మార్చే పెడల్‌కు) తీగ కలిపితే, వా ఫిల్టర్ పైకి లేపిన ఫ్రీక్వెన్సీలే డిస్టార్షన్‌ను గట్టిగా తాకుతాయి కనుక, పాదం కదిలే కొద్దీ గరుకుదనం కూడా మారుతూ, ధ్వని మనిషి గొంతులా పలుకుతుంది. 1967లో ఈ పెడళ్లు మార్కెట్‌లోకి వచ్చిన కాలం నుంచీ బాగా వాడుకలో ఉన్న క్రమం ఇదే. నా మొగ్గు కూడా ఇటే.

డిస్టార్షన్ తరువాత వా పెడితే, అప్పటికే పుట్టిన హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు వినిపించే పై స్వరాలు) అన్నింటినీ ఫిల్టర్ జల్లెడ పడుతుంది కాబట్టి, ధ్వని సింథసైజర్‌ను తలపిస్తుంది. అయితే పెడల్‌ను కాలి మునివేళ్లతో పూర్తిగా నొక్కినప్పుడు చెవులను కోస్తుంది (పక్కింటి పెద్దాయన మా తలుపు తట్టింది అలా వాయించిన రోజే). డిస్టార్షన్‌లో గెయిన్ (గరుకుదనం మోతాదు) తగ్గిస్తే కొంత నయం.

పాత తరహా ఫజ్ పెడల్ (డిస్టార్షన్‌లోనే మరింత ముతక రకం) ఉంటే సంగతి వేరు. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికి వచ్చే సిగ్నల్‌కు అది చూపే విద్యుత్ నిరోధం) తక్కువ కావడం వల్ల ముందున్న వా నీరసపడుతుంది, ఒక్కోసారి ఈల కూడా వేస్తుంది. అప్పుడు వాను ఫజ్ తరువాతకు మార్చాలి, లేదా రెండింటి మధ్య బఫర్ (సిగ్నల్ నీరసపడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) చేర్చాలి.