ఒడియా–తెలుగు జంటభాషా పుస్తకాలు: ఇటుక బట్టీల దగ్గర నాలుగు సీజన్లు వాడాక

తీర్పు ముందే చెప్పేస్తాం. వలస పిల్లలకు తెలుగు నేర్పడానికే అయితే ఈ పుస్తకాలు అక్కర్లేదు, వాచకమూ నల్లబల్లా చాలు. బట్టీ పిల్లలనూ ఊరి బడి పిల్లలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి, ఒకరితో ఒకరికి పని పడేలా చేయాలంటే మాత్రం ఇంత చవకైన సాధనం మాకు మరొకటి కనిపించలేదు. అదీ పేజీల అమరిక సరిగ్గా కుదిరితేనే.

పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, బర్‌గఢ్ జిల్లాల కుటుంబాలు నువాఖాయ్ (కొత్త బియ్యం పండగ), దీపావళి చూసుకుని పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి వైపు బట్టీలకు వస్తాయి. తొలకరికి ముందే వెళ్లిపోతాయి. చేతిలో ఉండేది ఆరేడు నెలలు. ఒడిశా పాఠ్యపుస్తకాలు తెప్పించి, ఒడియా వచ్చిన వలంటీర్లను పెట్టి నడిపే పనిచోటు బడుల్లో చదువైతే ఆగదు. కానీ ఆ బడి బట్టీ ఆవరణ దాటదు. అర కిలోమీటరు దూరంలో ఉన్న ఊరి బడి పిల్లలకు వీళ్లు సీజన్ అంతా ‘బట్టీవోళ్ల పిల్లలే’.

కథలకు పెద్దగా వెతకనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన ఉచిత కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో రెండు భాషల్లోనూ ఉన్న కథలు దొరుకుతాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (సీసీ బై 4.0) కాబట్టి దించుకుని, మార్చుకుని అచ్చు వేసుకోవచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లున్న పేజీ తీసేయకూడదు, మీరు చేసిన మార్పు ఏమిటో కూడా రాయాలి. నాలుగు స్థాయిల్లో మొదటి రెండే తీసుకోండి. మూడో స్థాయి కథ రెండు భాషల్లో పెడితే బొమ్మకు చోటు మిగలదు.

అసలు కిటుకు అమరికలో ఉంది. పైన ఒడియా, కింద తెలుగు వేస్తే ఎవరి వరుస వాళ్లు చదువుకుని పేజీ తిప్పేస్తారు. రెండో భాష పేజీకి అలంకారం, అంతే. ఎడమ పేజీ ఒకటి, కుడి పేజీ ఒకటి పెట్టినా అదే తంతు. పనిచేసింది మూడో పద్ధతి: ఒక పేజీ ఒడియాలో మాత్రమే, తర్వాతి పేజీ తెలుగులో మాత్రమే, కథ ముందుకే సాగుతుంది, అనువాదం ఉండదు. ఇద్దరు కలిస్తే తప్ప కథ పూర్తి కాదు. ఒడియా పేజీ దగ్గర ఊరి పిల్ల ఆగిపోయి పక్కవాడి మొహం చూడాల్సిందే, ఆ క్షణంలో బట్టీ పిల్లవాడే పంతులు. అలాగని అన్నీ ఇలాగే చేయకండి, విసుగొస్తుంది. మూడింట ఒకటి చాలు. ఒడియా మాటలను తెలుగు లిపిలో రాసిన కాగితం వలంటీరు దగ్గరే ఉండాలి. దాన్ని పుస్తకంలో అచ్చేస్తే ఊరి పిల్లలకు పక్కవాడితో పని ఉండదు, మొత్తం ప్రయాస వృథా.

చదివించేటప్పుడు తప్పులు ఎక్కడొస్తాయో తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. రెండు వర్ణమాలల వరుస దాదాపు ఒకటే, కానీ ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు. అందుకే ‘ఎద్దు’, ‘ఏడు’ మొదటి అక్షరాలు వాళ్లకు ఒకేలా వినిపిస్తాయి. ఒడియా ‘అ’ పలుకుబడి ‘ఒ’కు దగ్గర కాబట్టి ‘కలప’ను ‘కొలొపొ’ అంటారు. తప్పు అనకండి, వాళ్ల లిపి నియమం ప్రకారం అది ఒప్పే. ఏత్వం గుర్తు ఒడియాలో హల్లుకు ఎడమ పక్కన వస్తుంది, మనకు తల మీద. మన గుండ్రటి సున్నాను (ం) ‘ఠ’ అని చదువుతారు, ఎందుకంటే ఒడియా ‘ఠ’ అచ్చం అలాగే ఉంటుంది. వాళ్ల పాఠ్యపుస్తకాల్లో అంకెలూ ఒడియావే. నాలుగు మన కంటికి 8లా కనిపిస్తుంది. పేజీ నంబర్లు రెండు రకాలుగానూ వేయండి.

ఇంకో చిక్కు: ఇంట్లో వాళ్లు మాట్లాడేది పశ్చిమ ఒడిశా మాట సంబల్‌పురి, పుస్తకంలో ఉండేది ప్రామాణిక ఒడియా. పుస్తకంలో ‘ఘొరొ’ అని చదవాల్సిన ఇల్లు వాళ్ల నోట ‘ఘర్’. అనువాదానికి ఇచ్ఛాపురం, బరంపురం వైపు రెండు భాషలూ వచ్చినవాళ్లు సులువుగా దొరుకుతారు, కానీ వాళ్లది గంజాం జిల్లా వైపు ఒడియా, బట్టీవాళ్ల మాట కాదు. చిత్తుప్రతిని బట్టీలో ఒక తల్లికి చదివి వినిపించి, ఆమె మొహం చిట్లించిన మాటలు మార్చడం తప్పనిసరి.

పదాల ఆట పెట్టాలంటే సరుకు బోలెడు. ‘పిలా’ అంటే పిల్లవాడు, ఇది వినగానే పట్టేస్తారు. ‘పాణి’ అంటే నీళ్లు, మనవాళ్లకు ‘పని’ అని వినిపించి గందరగోళం, నవ్వులు. పఖాల అంటే నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం. అది మన చద్దన్నానికి చుట్టమేనని తెలిశాక, మధ్యాహ్నం గిన్నె చూసి మొహం ముడుచుకునేవాళ్లు తగ్గుతారు. పుష్య పౌర్ణమి నాటి పుష్‌పుని పండక్కి వాళ్ల ఊళ్లలో పిల్లలు ఇంటింటికీ తిరిగి ధాన్యం అడుగుతారు. సంక్రాంతి దగ్గర్లోనే వస్తుంది కాబట్టి హరిదాసు బొమ్మ పక్కన ఆ బొమ్మ పెట్టి ఒక వారం గడిపేయొచ్చు.

అచ్చు సంగతి. ఏ4 కాగితం మడిచి ఏ5 పుస్తకం, 16 పేజీలకు 4 కాగితాలు, పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. అక్షరం 18 పాయింట్లకు తగ్గొద్దు. లోపలి కాగితం 100 జీఎస్ఎం, నున్నటి ఆర్ట్ పేపర్ వద్దు. ఎర్రమట్టి వేళ్లు దాని మీద ముద్రలేస్తాయి. అట్టకు మాత్రం లామినేషన్ ఉండాలి. పిన్నులు తేలి చిన్నపిల్లల వేళ్లకు గుచ్చుకుంటాయి, దారంతో కుట్టించండి. మన డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లు, పేజ్‌మేకరే ఎక్కువ. ఒడియా యూనికోడ్ పాఠాన్ని అందులో అతికిస్తే ఒత్తులు విడిపోతాయి, ఏత్వం గుర్తు చోటు తప్పుతుంది. ఆపరేటరుకు ఒడియా రాదు కాబట్టి ఆ తప్పు కనబడదు. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, ప్రూఫు ఐదో తరగతి ఒడియా పిల్లతో చదివించండి. అట్ట మీద ‘ఒరియా’ కాదు, ‘ఒడియా’ అని ఉండాలి. 2011లో రాజ్యాంగ సవరణతో మారిన పేరది.

వేళ కూడా ముఖ్యమే. బట్టీలో ఇటుకల అచ్చుపని తెల్లవారుజామునే మొదలవుతుంది, పెద్దపిల్లలు తమ్ముళ్లను చూసుకుంటూ ఉంటారు. సాయంత్రం నాలుగు తర్వాత, చంకలో పసివాడు ఉన్నా రానిచ్చే పద్ధతిలో పెడితేనే హాజరు నిలుస్తుంది. 30 మందికి 40 కథలు, ఒక్కోటి 3 ప్రతులు సరిపోతాయి. శనివారం ఒక గంట ఊరి పిల్లలూ బట్టీ పిల్లలూ కలిసి చదివేలా ఊరి బడి హెడ్మాస్టరుతో మాట్లాడి పెట్టుకోండి. ఆ గంట కుదరకపోతే ఈ పుస్తకాలు బట్టీలోనే ఉండిపోయే మామూలు కథల పుస్తకాలే.

మే నెలలో ప్రతి పిల్లకీ రెండు పుస్తకాలు, హాజరు రోజులూ తరగతీ రాసిన కాగితం ఒకటి ఇచ్చి పంపండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది, అయినా చేతిలో కాగితం ఉంటే మేలు. పట్టుకెళ్లిన పుస్తకాలు తిరిగొస్తాయని ఎదురుచూడకండి. కొత్త సీజన్‌కు పెట్టెలో సగం ప్రతులు మళ్లీ అచ్చు వేయించాలని ముందే లెక్కలో రాసుకోండి.