అంబాసిడర్‌కు 35 చదరపు మిల్లీమీటర్ల బ్యాటరీ కేబుల్: ఆరేళ్ల వాడకం తర్వాత

మా నాన్నగారి కారు 1977 నాటి అంబాసిడర్ మార్క్ 3, పెట్రోలుది. ఎండలో గంటసేపు తిరిగి ఆపితే చాలు, మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ (ఇంజనును తిప్పి లేపే మోటారు) మూలిగేది. రెండేళ్లలో రెండు బ్యాటరీలు మార్చాను. సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్‌లు కొత్తవి వేయించాను. ఫలితం లేదు. ఒక చలికాలం ఉదయం చోక్ లాగి సెల్ఫ్ కొడుతుంటే చోక్ తీగ చేతికి చుర్రుమంది. అసలు రోగం అప్పుడు బయటపడింది.

ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పుపడితే, సెల్ఫ్ లాగే కరెంటు వెనక్కి రావడానికి చోక్ తీగను, యాక్సిలరేటర్ తీగను పట్టుకుంటుంది.

ఇక పాజిటివ్ కేబుల్‌ను కూడా కోసి చూశాను. బయటికి బొటనవేలంత లావు. అందులో సగానికి పైగా రబ్బరే. లోపలి పోగులను చాకుతో గీరితే ఎర్రటి పూత కింద తెల్లగా అల్యూమినియం కనిపించింది! రాగి అని నమ్మి కొన్నది అది.

ఇంజను అందుకోకుండా కాయిల్ వైరు తీసేసి, మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ పోస్టు మీద (క్లాంపు మీద కాదు), రెండో కొనను సెల్ఫ్ స్టడ్డు (కేబుల్ బిగించే బోల్టు) మీద ఆనించి, మా అబ్బాయి చేత సెల్ఫ్ కొట్టించాను. దారిలోనే 0.7 వోల్టులు పోతున్నాయి. ఎర్త్ వైపు మరో 0.5. సెల్ఫ్‌కు అందుతున్నది 8.7 వోల్టులే.

విజయవాడ ఆటోనగర్‌లో 35 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ తీసుకున్నాను (ఆ కొలత రబ్బరు కాకుండా లోపలి రాగి అడ్డుకోతది). పోగులు సన్నవి కాబట్టి ఇరుకు వంపుల్లోనూ సులువుగా తిరుగుతుంది. మీటరు పొడవుకు దాని నిరోధం సుమారు 0.55 మిల్లీఓమ్‌లు, 16 చదరపు మిల్లీమీటర్లదైతే 1.2. కేబుల్ కొనలకు తగరం పూత ఉన్న రాగి లగ్గులను (బోల్టుకు బిగించే కొన ముక్కలను) హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించాను. ఎర్త్‌కూ, ఇంజను పట్టీకీ అదే మందం వేశాను. ఎర్త్ వైపు సన్నది చాలదా అని అక్కడి ఎలక్ట్రీషియన్ అడిగారు. చాలదు. వెళ్లిన కరెంటంతా వెనక్కి రావాల్సిందే కదా.

ఇప్పుడు పాజిటివ్ వైపు 0.2, ఎర్త్ వైపు 0.1 వోల్టు మాత్రమే పోతోంది. సెల్ఫ్ దగ్గర 9.6 వోల్టులు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఒక్క తిప్పుకే అందుకుంటోంది. ఈ ఆరేళ్లలో బ్యాటరీ ఒక్కసారే మార్చాను.

50 చదరపు మిల్లీమీటర్లది కూడా పెట్టి చూశాను. దక్కిన లాభం వోల్టులో పదో వంతు కూడా లేదు. పైగా ఆ బిరుసుకు స్టడ్డు మీద లాగుడు పడింది, తీసేశాను. డీజిల్ ఇంజనుకు, బ్యాటరీని డిక్కీలోకి మార్చిన కారుకు మాత్రం 50 వేయడమే న్యాయం. మా మిత్రుడి ప్రీమియర్ పద్మిని కారుకు 25 సరిపోయింది. 6 వోల్టుల పాత కార్ల లెక్క వేరు: అదే శక్తికి కరెంటు రెట్టింపు, పోగొట్టుకోగల వోల్టులు సగం. కాబట్టి రాగి నాలుగు రెట్లు కావాలి.

ఒక్క లోపం కనిపించింది. సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా వెళ్లే చోట రబ్బరు గట్టిపడి పగుళ్లు వచ్చాయి. ఆ ముక్కను మార్చి, ఈసారి వేడికి తట్టుకునే స్లీవ్ తొడిగిస్తున్నాను.