పైతాన్‌లో టైమ్ చదివించడానికి ఏది మేలు: స్ట్రిప్‌టైమా, డేట్‌యుటిలా, రెజెక్సా?

షీట్‌లో టైమ్ కాలమ్ టెక్స్ట్‌గా ఉంది, దేంతో పార్స్ చేయాలి (అంటే టెక్స్ట్‌ని అసలు టైమ్‌గా మార్చాలి) అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పోయిన నెల మా బాబాయి ఫంక్షన్ హాల్ బుకింగుల షీట్ నా నెత్తిన పడ్డప్పుడు నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. వేగం, కోడ్ ఎన్ని లైన్లు అనేవి నేను పట్టించుకోలేదు. అర్థం కానిది వచ్చినప్పుడు ఎర్రర్ ఇస్తుందా, లేక తోచిన టైమ్ ఏదో చేతిలో పెట్టి ఊరుకుంటుందా, నేను చూసింది అదొక్కటే.

డేటా మెషిన్ రాసినదై 18:30:00 లాగా ఉంటే ఆలోచించే పనే లేదు, పైతాన్‌లోనే ఉన్న ఫ్రమ్‌ఐసోఫార్మాట్ వాడేయండి, పైతాన్ 3.7 నుంచీ ఉంది. లక్షల వరుసలుంటే పెద్ద టేబుళ్ల కోసం వాడే పాండాస్ లైబ్రరీ, కాకపోతే ఫార్మాట్ మీరే ఇవ్వండి. అసలు గొడవ మనుషులు చేత్తో టైప్ చేసిన టైమ్‌లతోనే.

డేట్‌యుటిల్ అనే లైబ్రరీకి ఫార్మాట్ (టైమ్ ఏ రూపంలో రాసి ఉందో) చెప్పక్కర్లేదు, అందుకే అందరికీ ముద్దు. "6 పీఎం" అని ఇంగ్లిష్‌లో ఇస్తే ఇవాళ్టి తేదీ తగిలించి 18:00 ఇస్తుంది, బాగానే ఉంది. పది గంటలకి అనే అర్థంలో ఎవరో ఉత్త "10" అని కొడితే మాత్రం ఈ నెల 10వ తారీఖు, అర్ధరాత్రి అంటుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. నేను అక్కడే వదిలేశాను.

మనమిచ్చిన ఫార్మాట్ ప్రకారం చదివే పైతాన్ ఫంక్షన్ స్ట్రిప్‌టైమ్ కాస్త పద్ధతైనది, ఫార్మాట్ తప్పితే వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కానీ దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. ఫార్మాట్‌లో పర్సెంట్ ఐ (12 గంటల లెక్క) బదులు పర్సెంట్ హెచ్ (24 గంటల లెక్క) రాసి పక్కన పర్సెంట్ పీ (ఏఎం, పీఎం) పెట్టారనుకోండి, 05:30 పీఎం కాస్తా పొద్దున ఐదున్నర అయి కూర్చుంటుంది, ఎందుకంటే పీ లెక్కలోకి రావాలంటే ఐ ఉండాలి. రెండోది మనకి ఇంకా ప్రమాదం. మనం పదిన్నరని 10.30 అని చుక్క పెట్టి రాస్తాం కదా, ఎక్సెల్ దాన్ని దశాంశం అనుకుని చివరి సున్నా మింగేసి 10.3 చేస్తుంది. స్ట్రిప్‌టైమ్‌కి నిమిషాలు ఒక్క అంకె ఉన్నా ఫర్వాలేదు కాబట్టి, దాన్ని నిక్షేపంగా 10 గంటల 3 నిమిషాలుగా చదువుతుంది. ముహూర్తానికి 27 నిమిషాలు తేడా!

అందుకే చివరికి రెజెక్సే, అంటే టెక్స్ట్ ఏ నమూనాలో ఉండాలో మనమే రాసిచ్చే పద్ధతి. గంటలు ఒకటో రెండో అంకెలు, మధ్యలో కోలన్ గానీ చుక్క గానీ, నిమిషాలు కచ్చితంగా రెండంకెలు, ఫుల్‌మ్యాచ్ (టెక్స్ట్ మొత్తం నమూనాకి సరిపోవాలి). కుదరనివన్నీ వేరే లిస్టులోకి. (అన్నట్టు, పైతాన్ రెజెక్స్‌లో అంకె అని చెప్పే బ్యాక్‌స్లాష్ డీ తెలుగు అంకెల్నీ పట్టుకుంటుంది, టెక్స్ట్‌ని సంఖ్యగా మార్చే ఇంట్‌కి ౧౦ ఇచ్చినా పదే వస్తుంది.)

ఉదయం, సాయంత్రం, రాత్రి అనే మాటలకి చిన్న డిక్షనరీ రాసుకున్నాను. రాత్రి 9 అంటే 21, అది తేలికే. రాత్రి 2.15 దగ్గర ఆగాల్సి వచ్చింది. శుభలేఖలో "బుధవారం రాత్రి 2.15, తెల్లవారితే గురువారం" అని ఉంటుంది చూడండి, మన లెక్కలో రోజు సూర్యోదయంతో మారుతుంది, కంప్యూటర్‌కి అర్ధరాత్రికే మారిపోతుంది. కాబట్టి రాత్రి పక్కన 12, 1, 2, 3 వస్తే తేదీకి ఒక రోజు కలపాలి. ఒక్క ఇఫ్‌తో పోయేదే, కానీ నేను చూసిన లైబ్రరీ ఏదీ ఈ పని చేయదు.

మిగిలిన లిస్టు పట్టుకుని బాబాయికి ఫోన్ చేశాను. 10.3 అంటే పదిన్నరే, సరే. మరి 10.5 సంగతేంటి, పది యాభయ్యా అని అడిగితే, "కాదురా, అది అకౌంట్స్ అబ్బాయి రాసింది, వాడికి పదిన్నరంటే అదే" అన్నాడు.